డైరెక్ట్ డిసెండెంటు బంగార్రాజు

ఆ గురువారం పొద్దున్న బంగార్రాజుకు ఉన్న పనల్లా మాడుగుల హల్వా బండిలో పెట్టించుకుని, దేవరాపల్లి వెళ్ళి, కొడుకు దాసు పెళ్ళికి ముహూర్తం ఖాయం చేసుకుని రావడమే. చోడవరంలో ఇంతకన్నా తేలికైన పని ఇంకోటి ఉండదని అనుకుంటూ మీసం దువ్వుకున్నాడు. మీసమంటే అలాంటిలాంటి మీసం కాదు. ఆయన వీధి మలుపు తిరగకముందే అది తిరిగేది.

దాసుకు ముప్పై దగ్గరపడుతున్నాయి. కుర్రాడు బంగారం, కాని మాట తడబడుతుంది. తన పేరు చెప్పడానికే నాలుగుసార్లు ‘దా దా’ అంటాడు. పెళ్ళిచూపులకు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆడపిల్లలు తలుపు వెనక కిసుక్కున నవ్వారు. దేవరాపల్లి గణపతిరావు కూతురు పైడితల్లి మాత్రం నవ్వలేదు. “తొందరేటి? నిదానంగా సెప్పమనండి, ఇంటాను” అంది. ఆ రోజు నుంచి దాసు పెరట్లో తనలో తాను పాడుకుంటున్నాడు. పాటలో ఒక్కచోట కూడా తడబాటు లేదు. తల్లి మంగాయమ్మ ఆ పాట విని కళ్ళొత్తుకుంది.

సంబంధం దాని మానాన దాన్ని కుదరనిస్తే బంగార్రాజు ఎందుకవుతాడు? కాబోయే వియ్యంకుడు తాలూకాఫీసులో చేసి వచ్చినవాడు, ఇంగ్లీషు పేపరు చదువుతాడు. ఆయన ముందు మన వంశం గురించి ఇంగ్లీషులో ఒక్క ముక్కయినా పడకపోతే ఎలాగని, పెళ్ళిచూపులకు ముందే స్కూలు మేష్టారు కృపారావు దగ్గరికి వెళ్ళాడు.

“ఒక్కో మాటకి ఒక్కో హద్దుందండి” అన్నాడు కృపారావు. “ఆరిజిన్ అంటే ఎక్కణ్ణుంచి వచ్చేరో అది. యాన్సెస్టర్స్ అంటే మన ముందు తరాలవాళ్ళు. డిసెండెంట్ అంటే ఫలానావారి వంశంలో పుట్టినవాడు. డైరెక్ట్ డిసెండెంట్ అంటే మరి వాళ్ళ రక్తమే. ఊరికే వాడకూడదు.”

“ఆకర్ది మంచి బరువుగా ఉంది. అదియ్యండి మేష్టారూ” అన్నాడు బంగార్రాజు, కొట్లో బెల్లం దిమ్మ ఎంచుకున్నట్టు.

ఎవరి డిసెండెంటు అన్నది తర్వాత ఆలోచించాడు. కోటపాడులో రణభేరి వారని పాత దివాణపు కుటుంబం ఉంది. తమ కులంవారే. బంగార్రాజు తాత వాళ్ళ ఎడ్లకు కుడితి పెట్టేవాడు. సంబంధమంటే అదీ సంబంధమే కదా! పెళ్ళిచూపుల్లో కాఫీ తాగి, మీసం తుడుచుకుని, “మేం రణభేరి వారి డైరెక్ట్ డిసెండెంట్సండి” అనేశాడు. గణపతిరావు కాసేపు ఆయన కేసి చూసి, “అలాగా” అని ఊరుకున్నాడు. మాట బాగా పనిచేసిందని బంగార్రాజు సంబరపడ్డాడు.

ఈ గురువారం హల్వా బండెక్కుతూ ఉండగా గణపతిరావు పాలేరు పెదబాబు చెమటలు కక్కుతూ వచ్చాడు.

“రేత్రి కోటపాడు రణభేరి పెద్దాయన పోయేరంట బాబూ. తవరికి మైల గదా, ముహూర్తం ఆపుదారన్నారు మా బాబు. మైల లేదంటే తవరే ఒచ్చి ఆ ముక్క సెప్పమన్నారు.”

“ఎళ్ళి సెప్పెయ్యండి” అంది మంగాయమ్మ. “మాది కుడితి పెట్టిన వొంశవని సెప్పండి. సిగ్గేటి?”

“నోర్ముయ్యే! ఏటనుకుంతాడు ఆయన? పది రోజులేగదా, గుంటడి పెళ్ళి ఎక్కడికీ పోదు” అని బండిని కోటపాడు వైపు తిప్పించాడు. గణపతిరావు పలకరింపుకు వస్తే అక్కడ తను కనబడకపోతే బాగుండదని ఆయన భయం.

రణభేరి వారి మండువా నిండా జనం. శవం లేవలేదు. పెద్దాయనకు కొడుకులు లేరు, జ్ఞాతులు లేరు, కొరివి ఎవరు పెట్టాలన్నది తేలక అందరూ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. “తమరెవరు?” అని పురోహితుడు అడిగాడు. బంగార్రాజు నోటికి అలవాటైపోయింది మరి. “డైరెక్ట్ డిసెండెంట్” అన్నాడు.

“అంటే సొంత రక్తమే!” అని ఇంగ్లీషు తెలిసిన మునసబు గట్టిగా అరిచాడు.

ముసలి ఇల్లాలు నరసమ్మ లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. “ఇన్నాళ్ళూ ఏటైపోనావు నాయినా? దిక్కులేని సావు సస్తన్నానని ఆయన ఎంత ఏడిసేరో” అని భోరుమంది. ఆ చేతులు విడిపించుకోవడానికి బంగార్రాజుకు మనసు రాలేదు. కాదు అనే చిన్న మాట చెప్పడానికి అదను కోసం చూస్తున్నాడు. ఈలోగా భుజం మీద కుండ పెట్టేశారు. చితి ముందు నిలబడి ఆయన చిన్నపిల్లాడిలా ఏడిస్తే, రక్తసంబంధం ఎక్కడికి పోతుందని జనం మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం పురోహితుడు చల్లగా చెప్పాడు. “కొరివి పెట్టిన ఇంట ఏడాది దాకా శుభకార్యం పనికిరాదు. పదోనాడు మీసం తీసేయాలి.”

పదోనాడు రణభేరి వారింట్లోనే మీసం పోయింది. అద్దంలో చూసుకుంటే ఎవరో బీదవాడు కనిపించాడు. అప్పటికి గణపతిరావు రానే వచ్చాడు. తండ్రి పక్కన దాసు నిలబడి ఉన్నాడు. ఇక దాచి లాభం లేదని బంగార్రాజు ఆయన చేతులు పట్టుకున్నాడు.

“బావగారూ, నాను అబద్దం ఆడేను. ఈళ్ళకీ మాకూ ఏ రక్తవూ నేదు. మా తాత ఈళ్ళ ఎడ్లకాడ పనోడు. ఒక్క ఏడాది ఆగండి. మావోడు మీ పిల్ల మీదే పేణాలెట్టుకున్నాడు.”

“అబద్ధవని నాకు ఆ రోజే తెలుసండి” అన్నాడు గణపతిరావు నెమ్మదిగా. “శిస్తు బాకీకి మా నాన్నని ఈ గుమ్మం ముందరే నెత్తి మీద రాయెట్టి ఎండలో నిలబెట్టేరు. ఈ వంశంలో ఎవరున్నారో, ఎవరు లేరో మాకు తెలీదా? మీరు నిజంగా ఈ ఇంటివాళ్ళయితే ఆ పూటే కాదని పంపేద్దును. అబద్ధం కాబట్టే ఒప్పుకున్నాను. మైల లేదని ఒక్క ముక్క చెప్పడానికి వస్తారేమోనని ఆ రోజంతా అరుగు మీదే కూర్చున్నానండి.”

“ఇప్పుడు సెప్పేను గదా బావగారూ!”

“ఇప్పుడేటి లాభం? కొరివి పెట్టేక మీరీ ఇంటి కొడుకే. పంతుల్నడగండి. ఈ ఇంటికి నా పిల్లనిచ్చి, మా నాన్నకి ఏ మొహం పెట్టుకుని తద్దినం పెట్టను?”

పురోహితుడు అడక్కుండానే తలూపాడు. దాసు ఏదో అనబోయాడు. ‘పై పై’ అన్నాడు, మళ్ళీ అన్నాడు, పేరు పూర్తయ్యేసరికి గణపతిరావు వీధి దాటిపోయాడు. బంగార్రాజు కొడుకు మొహం కేసి చూడలేక, లేని మీసం తడుముకున్నాడు.

ఇప్పుడు పెరట్లో పాట లేదు. ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన ముగిశాక కృపారావు పరామర్శకు వచ్చాడు. మేష్టారు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఓదార్పుగా ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

“ఇక ఆ ఇంగ్లీషు మాట మీరు నిరభ్యంతరంగా వాడుకోవచ్చండి, బంగార్రాజు గారూ.”