కుర్చీకి నాలుగో రంగు

ఊసరవెల్లికీ, కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రానికీ తేడా తేల్చడానికి అటవీ మంత్రిగారు ఏకసభ్య కమిటీ వేశారు. ఇంతటి ముందుచూపు దేశచరిత్రలో ఇదే మొదలు. సభలో ప్రతిపక్షంవాళ్లు ఆయన్ని ‘ఊసరవెల్లి’ అన్నారు. పాపం, ఆయన చూసింది మూడు పార్టీలే! ఇంకొకరైతే తిరిగి తిట్టి ఊరుకునేవారు. ఆయన, చెట్టుకి ఊసరవెల్లి ప్రమాదమా, శిలీంధ్రం ప్రమాదమా తేల్చమని సైన్సును ఆశ్రయించారు.

ఆ ఏకసభ్యుడు శాఖలో కర్ర తెగుళ్ల నిపుణుడు. నెలాఖరుకి రిటైర్‌మెంట్. ఎక్స్‌టెన్షన్ మంత్రిగారి చేతిలో ఉంది.

“రోజంతా ఇంట్లో ఉంటే నా వంటింటి డబ్బాల మీద కూడా రిపోర్టు రాస్తారు మీరు. కాళ్లావేళ్లా పడైనా ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోండి” అని భార్య ముందే చెప్పేసింది.

నిపుణుడు రిపోర్టు వినిపించాడు. “ఊసరవెల్లి రంగు మారుస్తుంది సార్, కొమ్మ జోలికి పోదు. శిలీంధ్రం చోటు మారదు. ఉన్న కర్రనే లోపల్నుంచి తినేస్తుంది.”

“అంటే పార్టీ మారనివాళ్లే ప్రమాదం! శభాష్, సైన్సంటే ఇదీ!” మంత్రిగారు బల్ల చరిచారు. “రేపు విలేకరుల ముందే నీ ఎక్స్‌టెన్షన్ మీద సంతకం పెడతా.”

నిపుణుడు ఆనందంతో వంగి, ఆసరాకి మంత్రిగారి కుర్చీ కాలు పట్టుకున్నాడు. వేలు సగం లోపలికి దిగిపోయింది. లోపలంతా శిలీంధ్రం.

మంత్రిగారు పార్టీ మారినప్పుడల్లా ఆ కుర్చీకి కొత్త పార్టీ రంగు వేయడం ఆఫీసు ఆనవాయితీ. రంగు కింద కర్ర ఉందో లేదో చూడటం ఎవరి డ్యూటీ కాదు. చెబితే ఎక్స్‌టెన్షన్ పోతుంది, చెప్పకపోతే మంత్రిగారు పోతారు. నిపుణుడు నిజాయితీపరుడు కనుక చాలాసేపు ఆలోచించాకే నోరు మూసుకున్నాడు.

మర్నాడు గది నిండా విలేకరులు. వాళ్లకి చూపించడానికి తెచ్చిన పంజరంలో ఊసరవెల్లి ఒక కన్ను మంత్రిగారి మీద, ఇంకో కన్ను నిపుణుడి మీద వేసింది.

“నిలబడే మాట్లాడండి సార్, ఫోటో బాగా వస్తుంది” అన్నాడు నిపుణుడు.

“కుర్చీ ఉండగా నిలబడే మంత్రిని ఎక్కడైనా చూశావటయ్యా?”

కూర్చున్నారు. ఫెళ్లుమంది. సంతకం పెట్టని కాగితంతో సహా మంత్రిగారు నేల మీద ఉన్నారు.

“ఏమైందయ్యా కుర్చీకి?”

విరిగిన కాలిలో గుప్పెడు కర్ర లేదు, అంతా తెల్లటి బూజు. ముప్పై ఏళ్ల చదువు నిపుణుడి గొంతు దాకా వచ్చింది. కాగితం వైపు చూసి చదువును మింగేశాడు.

“ఏం కాలేదు సార్. రంగు చెక్కుచెదరలేదు.”

“రాసుకోండి!” అని విలేకరులకు చెప్పి, మంత్రిగారు పడుకునే సంతకం పెట్టారు.

ఎక్స్‌టెన్షన్‌లో నిపుణుడికి అప్పగించిన మొదటి పని, ఆ కుర్చీ కాలికి తాడు కట్టించి మళ్లీ రంగు వేయించడం. ఫోన్ చేసి అడిగాడు.

“ఏ రంగు సార్?”

“అన్నీ తెప్పించి పెట్టు. సాయంత్రానికి చెబుతా.”