ఉడుముగారికి కలిగిన భారం

ఒక పెద్ద అడవిలో ఆదివారం పూట ఎవరూ ఎవర్నీ తినేవారు కారు. మిగతా రోజుల్లో ఎవరి ఇష్టం వారిది. ఆదివారం మాత్రం పొద్దున్నే అందరూ కొండ కింద గుహలో చేరి, పాటలు పాడి, ప్రసంగం విని, ఒకరికొకరు వందనాలు చెప్పుకుని ఇళ్ళకు పోయేవారు. సోమవారం సంగతి సోమవారం చూసుకునేవారు.

ఆ సంఘానికి పాస్టరు ఎలుగుబంటి. అందరూ అయ్యగారు అంటారు. మంచి గొంతు, మంచి మనసు, ఎవరేమన్నా తల ఊపే స్వభావం. నిజానికి సంఘాన్ని నడిపించేది సంఘపెద్ద ఉడుముగారు. ఆయన ఆ పదవిని ఎప్పుడు పట్టుకున్నారో ఎవరికీ గుర్తులేదు. ఉడుం పట్టు గురించి నేను మీకు కొత్తగా చెప్పాలా? స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు పునుగుపిల్లి. ఆమె ఏ వరసలో కూర్చుంటే ఆ వరసంతా ఘుమఘుమలే.

ఆ సంఘంలో అందరికీ ఇష్టమైన మాట ఒకటుంది. భారం.

కుందేలుకు జ్వరమంటే, "అయ్యో, నాకెంత భారంగా ఉందో" అనేవారు. ముసలి దుప్పికి చూపు పోయిందంటే, "పొద్దుట్నుంచీ ఒకటే భారమండీ" అనేవారు. బయటివాళ్ళకు భారమంటే బరువు. వీళ్ళకు మాత్రం, ఎదుటివాడి కష్టం తలుచుకున్నప్పుడు గుండెల్లో కలిగే ఒక రకమైన నొప్పి. కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థన చేస్తే అది హాయిగా తగ్గిపోయేది. కుందేలు జ్వరం తగ్గిందో లేదో వెళ్ళి చూడాలని మాత్రం ఎవరికీ తోచేది కాదు. ప్రార్థన చెడ్డదని నేననను. కాళ్ళున్నవాళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతే నాకు ఒళ్ళు మండుతుంది, అంతే.

ఆ సంఘంలో వెనక వరసలో కూర్చునే ఒక ముళ్ళపంది ఉండేది. పేరు దీనమ్మ. పేరే తప్ప దీనంగా మాట్లాడడం ఆమెకు చేతకాదు. పెనిమిటి ఒక సోమవారం నాడు చిరుతపులి పాలయ్యాడు. చిరుత కూడా సంఘస్థుడే. ఆదివారం కాదు కదా అని ఎవరూ ఏమీ అనలేదు. సమాధి కార్యక్రమంలో చిరుతే ముందు నిలబడి, చాలా భారంతో ఆదరణ వాక్యం చదివాడు.

దీనమ్మ బొరియ వాగు గట్టు కింద ఉంది. ఆ ఏటి వానలకు గట్టు నానిపోయి బొరియలోకి నీళ్ళు వచ్చేశాయి. ఇద్దరు పిల్లలు తడి మట్టిలో పడుకుంటున్నారు. చిన్నదానికి దగ్గు పట్టుకుంది. దీనమ్మకు వేటగాడి ఉచ్చులో పడి ముందు కాలు వంకరపోయింది కాబట్టి కొత్త బొరియ తవ్వుకోలేకపోతోంది.

ఆదివారం ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు ఆమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాకు ప్రార్థన కాదండీ, గోళ్ళు కావాలి. ఇక్కడ ఇంతమందికి గోళ్ళున్నాయి. ఒక పూట మిట్ట మీదికొచ్చి బొరియ తవ్విపెట్టండి. పిల్ల దగ్గి దగ్గి నీలుక్కుపోతోంది."

తాబేలు తల లోపలికి లాక్కుంది. కొండముచ్చు పైకి చూసింది. చిరుత తన గోళ్ళు మెల్లగా కాళ్ళ కింద దాచుకున్నాడు.

ఉడుముగారు లేచి గొంతు సవరించుకున్నారు. "దీనమ్మా, నువ్వు చెబుతుంటే నాకు ఎంత భారం కలిగిందో మాటల్లో చెప్పలేను."

"ఆమెన్," అన్నారు అందరూ. హమ్మయ్య అన్నట్టుగా వినిపించింది.

ఆ రోజే ఒక కబురు వచ్చింది. నెల తిరిగేలోగా బిషప్పుగారు వస్తున్నారు. బిషప్పుగారంటే ఏనుగు. ప్రతి సంఘం బీదసాదల్ని ఎలా ప్రేమిస్తోందో స్వయంగా చూసి, బాగా ప్రేమిస్తున్న సంఘపెద్దను మొత్తం అడవికంతటికీ పెద్దగా నియమిస్తారట.

ఉడుముగారి నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికి వెళ్ళింది.

వెంటనే కమిటీ కూర్చుంది. "మనకు దీనమ్మ ఉంది," అన్నారు ఉడుముగారు, ఇంట్లో దాచుకున్న నగ గుర్తొచ్చినట్టు. "ప్రేమ పండుగ పెడదాం. బిషప్పుగారు వచ్చి నీళ్ళు కారే బొరియ చూస్తారు. ఆయన చేతుల మీదుగానే కొత్త బొరియకు మొదటి మట్టి తీయిద్దాం."

"అప్పటిదాకా?" అన్నారు అయ్యగారు.

"అప్పటిదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఇప్పుడే తవ్వేస్తే ఆయనకేం చూపిస్తాం?"

అయ్యగారు తల ఊపారు.

పునుగుపిల్లి స్వయంగా దీనమ్మ దగ్గరికెళ్ళింది. బొరియలో అడుగు పెట్టకుండా బయటే నిలబడి, సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పింది. "చూడమ్మా, పిల్ల దగ్గు గురించి చెప్పేటప్పుడు కొంచెం ఆగు. అక్కడ నేను కళ్ళు తుడుచుకుంటాను. గోళ్ళూ గీళ్ళూ అని మాత్రం అనకు, బాగుండదు. ఆదరణ అను."

"పండుగ దాకా పిల్ల ఆగుతుందంటారా అమ్మగారూ?"

"నీకు విశ్వాసం తక్కువ దీనమ్మా," అంది పునుగుపిల్లి నొచ్చుకుని.

ఆ అడవిలోనే ఒక దుమ్ములగొండి ఉండేవాడు. సంఘంలో సభ్యుడు కాదు. చచ్చినవాటిని తింటాడనీ, ఆ నవ్వేమీ బాగుండదనీ గుహ గుమ్మం దాకా కూడా రానిచ్చేవారు కారు. ఒకరోజు మధ్యాహ్నం అతను వాగు పక్కన పోతుంటే దగ్గు వినబడింది. వంగి చూశాడు. దీనమ్మ ముళ్ళు నిక్కబొడుచుకుని పిల్లలకు అడ్డం నిలబడింది.

"నీ పిల్లల్ని తినడానికి రాలేదులే, తల్లీ. ఏంటీ నీళ్ళు?"

దీనమ్మ చెప్పింది. పండుగ సంగతి కూడా చెప్పింది.

దుమ్ములగొండికి సగం అర్థం కాలేదు. "ఆ బిషప్పు ఎవరో వచ్చి తవ్వుతాడా?"

"మొదటి మట్టి తీస్తారంట."

"మరి రెండో మట్టి?"

దుమ్ములగొండి మిట్ట ఎక్కి, నేల వాసన చూసి, తవ్వడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేసరికి పిల్లలు పొడి మట్టిలో పడుకున్నారు. మూడు వారాల్లో మొదటిసారి చిన్నది దగ్గకుండా నిద్రపోయింది. దీనమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. అక్కడ కొంచెం ఆగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఈ వార్త కమిటీ చెవిన పడగానే అందరూ తలలు పట్టుకున్నారు.

"కమిటీకి చెప్పకుండా సహాయమా?" అన్నారు ఉడుముగారు. "అదీ మనవాడు కానివాడితోనా?"

"పండుగ ముందు పెట్టుకుని ఎంత పని చేసింది!" అంది పునుగుపిల్లి. "నేను నేర్పిన సాక్ష్యమంతా మట్టిపాలు."

ఇద్దరూ అయ్యగారిని వెంటబెట్టుకుని దీనమ్మ దగ్గరికెళ్ళి బతిమాలారు. ఒక్క ఆదివారం పిల్లల్ని తీసుకుని పాత బొరియలోకి వెళ్ళమన్నారు. చిన్నదాని చేత అలవాటుగా ఓ రెండుసార్లు దగ్గించగలిగితే మరీ మంచిదన్నారు.

దీనమ్మ ముళ్ళు ఒక్కసారి గలగలమన్నాయి. "అంత ముచ్చటగా ఉంటే మీరే వెళ్ళి కూర్చోండి పెద్దాయనగారూ, ఆ బొరియలో."

ఇది విని పునుగుపిల్లి ముక్కున వేలేసుకుంది. ఉడుముగారు మాత్రం ఆలోచనలో పడ్డారు. ఆలోచించినకొద్దీ ఆయన మొహం వికసించింది.

"కూర్చుంటాను," అన్నారు. "బీదరాలికి నా పొడి బొరియ ఇచ్చేసి, ఆమె తడి బొరియలో నేను ఉంటున్నానని చెబుదాం. ఇంతకంటే ప్రేమ ఏ సంఘంలో ఉంటుంది?"

"మిట్ట మీద బొరియ మీది కాదు కదండీ?" అన్నారు అయ్యగారు.

"ప్రభువులో నాదేమిటి, నీదేమిటి అయ్యగారూ?"

అయ్యగారు తల ఊపారు.

ప్రేమ పండుగ రోజున బిషప్పుగారు వచ్చారు. ఆయన నడుస్తుంటే చెట్లు వందనాలు చెప్పాయి. గుహలో ప్రసంగం అయ్యాక సంఘమంతా పాటలు పాడుకుంటూ వాగు గట్టుకు బయలుదేరింది. సన్నగా వాన పడుతోంది. ఉడుముగారు ముందే వెళ్ళి తడి బొరియలో వెనక్కి జరిగి, దిగులు మొహం పెట్టుకుని కూర్చున్నారు. గట్టు మీదికి వచ్చాక అయ్యగారు సంగతంతా వివరించారు.

బిషప్పుగారి కళ్ళు చెమర్చాయి. "ఇలాంటి పెద్దను నేను చూడలేదు. ఆ సహోదరుణ్ణి దగ్గర్నుంచి చూడనివ్వండి," అని గట్టు అంచుకు వచ్చి నిలబడ్డారు.

బిషప్పుగారు మనసులో ఎంత తేలికైనవారో నాకు తెలియదు. గట్టుకు తెలిసింది ఆయన ఒళ్ళే. నానిన మట్టి దబ్బున కూలి బొరియ మూసుకుపోయింది.

లోపల్నుంచి కేక వినబడింది. "భారం! అయ్యగారూ, భారం!"

సంఘం పులకించిపోయింది.

"పెద్దాయన ప్రార్థనలోకి వెళ్ళారు," అంది పునుగుపిల్లి మెల్లగా.

"భారం! భరించలేకపోతున్నాను!"

"ఎంత భారముంటే అంత కేక వస్తుందండీ!" అన్నాడు చిరుత. "ఆమెన్!"

"హల్లెలూయ!" అంది కొండముచ్చు.

బిషప్పుగారు ఆగలేకపోయారు. సరిగ్గా బొరియ మీదే మోకాళ్ళూనారు. ఇంకొంచెం గట్టు కూలింది. "ప్రభువా," అని ఆయన ఎలుగెత్తి ప్రార్థించారు, "ఈ సహోదరుడికి ఇచ్చిన భారాన్ని ఇంకా అధికం చేయి!"

"చచ్చిపోతున్నాను!" అంది లోపలి గొంతు.

"అవును, మన పాపానికి మనం చావాల్సిందే," అన్నారు అయ్యగారు కన్నీళ్ళతో. కొండముచ్చు పాట ఎత్తుకుంది. అందరూ చప్పట్లు కొడుతూ అందుకున్నారు. పాట రెండో చరణానికి వచ్చేసరికి లోపల్నుంచి ఏమీ వినిపించడం లేదు.

"మౌన ప్రార్థన," అంది పునుగుపిల్లి, కళ్ళు మూసుకునే.

వెనక వరసలో నిలబడ్డ దీనమ్మ మాత్రం కళ్ళు మూసుకోలేదు. ఆ బొరియ ఎంత లోతో, ఆ మట్టి ఎంత బరువో ఆమెకు తెలుసు. "పాట ఆపండి! ఆయన మట్టి కింద పడి ఉన్నాడు!" అని అరిచింది. చప్పట్లలో చాలామందికి వినబడలేదు. విన్న ఒకరిద్దరు ఆమె కూడా ఆత్మావేశంలో ఉందనుకున్నారు.

గట్టు పక్కన సిద్ధం చేసిన పండుగ భోజనాల వాసనకు వచ్చి, దూరంగా పొదల్లో నక్కి ఉన్నాడు దుమ్ములగొండి. అతను సంఘం మాటలు నేర్చుకున్నవాడు కాదు. భారం అంటే బరువనే తెలుసు.

"ఏమయ్యా, లోపల ఎవడో మీద బరువు పడిందని మొత్తుకున్నాడు, మీరేంటి చప్పట్లు కొడుతున్నారు?" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఉష్! ఇది ఆత్మీయమైన సంగతి," అన్నారు అయ్యగారు.

దుమ్ములగొండి ఆయన్ని పక్కకు నెట్టాడు. బిషప్పుగారి కాలి మీద ఒక్క కొరుకు కొరికాడు. ఆయన ఘీంకరించి లేచి నిలబడ్డారు. ఆ తర్వాత రెండు చేతులా మట్టి తోడడం మొదలుపెట్టాడు. మధ్యలో చెట్టు వేళ్ళు అడ్డం వచ్చాయి. దీనమ్మ కుంటుకుంటూ లోపలికి దూరి వాటిని పళ్ళతో కొరికి తెంపింది. వీపు మీద మట్టి పెళ్ళలు పడుతున్నా ఆగలేదు. పండుగ దాకా తన పిల్లను తడిలో ఉంచమన్నవాడి కోసమే ఆ తంటాలన్నీ.

చివరికి తోక దొరికింది. ఇద్దరూ కలిసి లాగారు.

ఉడుముగారు బయటికొచ్చారు. ఊపిరి లేదు. దుమ్ములగొండి ఆయన్ని తలకిందులుగా పట్టుకుని దులిపాడు. కాసేపటికి ఒక దగ్గు వచ్చింది, చిన్నపిల్ల దగ్గులాంటి దగ్గు. దీనమ్మ ఆ దగ్గు విని కళ్ళు తుడుచుకుంది.

పాట ఆగిపోయింది. సంఘమంతా ఇరకాటంలో పడి ఒకరి మొహాలొకరు చూసుకుంది. ఏం జరిగిందో అందరికంటే ముందు బిషప్పుగారే తేల్చారు.

"చూశారా, మన ప్రార్థనకు ఎంత త్వరగా జవాబు వచ్చిందో!"

"ఆమెన్!" అన్నారందరూ. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

దుమ్ములగొండి గోళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. దాన్ని నాక్కుంటూ విందు వైపు చూశాడు. పునుగుపిల్లి చప్పున ఆకులు కప్పేసింది. "ఏమీ అనుకోకు నాయనా. ప్రేమ విందు సభ్యులకే."

ఆ మాటకు అయ్యగారి మంచి మనసు నొచ్చుకుంది. ఆయన దుమ్ములగొండి భుజం మీద చెయ్యి వేశారు. "అయితే సభ్యుడివే అయిపో తమ్ముడూ. కొన్నాళ్ళు మా తరగతులకు రా. నీకు గోళ్ళ బలం ఉంది కానీ భారం లేదు. అసలు భారమంటే ఏమిటో నేర్పిస్తాం."

దీనమ్మ కుంటుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. సంఘంలో అంత వినయంగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"అయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. మా అందరికీ నేర్పారు, చాలు. ఈయనొక్కడికీ నేర్పకండి."

కింద మట్టిలో పడున్న ఉడుముగారు తల ఎత్తడానికి ప్రయత్నించారు. నోటినిండా మట్టి. దాన్ని ఉమ్మేసి, ఇక ఆ రోజంతటికీ ఆయన ఒక్క మాటే అన్నారు.

"ఆమెన్."

కాబట్టి పిల్లలూ, మీరు ఎప్పుడైనా గోతిలో పడాల్సి వస్తే, సంఘంలో చేరనివాడు ఒకడు దగ్గర్లో ఉన్నాడో లేడో చూసుకుని మరీ పడండి.