మిల్టన్‌లో హద్దురాళ్లు

ఆ శనివారం అమరేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికి కారు తీసుకెళ్ళి చలికాలం టైర్లు వేయించుకు రావాలి. అక్టోబరు సగమైంది. కెనడాలో మంచు పడ్డాక టైర్ల షాపువాడు ఫోనెత్తడు. ఇంత ముందుచూపున్న మనిషి తిన్నగా షాపుకి పోవాలి గాని, వీధి చివర ఆగి పోస్టు డబ్బా తెరవడం దేనికి? తెరిచాడు.

కరెంటు బిల్లు కింద మందపాటి గోధుమరంగు కవరు ఒకటుంది. వెనక ఎర్రటి లక్కముద్ర. ముందు సిరాతో రాసిన గుండ్రటి చేతిరాత. పేరు లేదు. "ప్రస్తుత నివాసికి" అని రాసి, కింద ఇంటి నంబరు, వీధి, మిల్టన్ అన్నీ సరిగ్గా రాశారు. ప్రస్తుత నివాసిని నేనే కదా అని అక్కడే నిలబడి చింపాడు.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. సారాంశం ఇది. "అయ్యా, మీ కాళ్ళ కిందున్న నేల మాది. 1828లో ల్యాండ్ కంపెనీ ఏజెంటు ఈ నూరెకరాలూ మా పెద్దాయనకి అమ్మాడు. ఆ ఏజెంటే రెండేళ్ళ తర్వాత ఇవే నూరెకరాలు మీ ముందువాళ్ళకి కూడా అమ్మాడు. అడవి కొట్టింది మేము, మొదటి కంచె వేసింది మేము. ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయండి. లేదా మేమే వచ్చి హద్దులు కొలుచుకుంటాం. ఇట్లు, హార్‌గ్రీవ్ వారసులు."

ఇంకొకరైతే నవ్వుకుని చెత్తబుట్టలో పడేసేవారు. అమరేశ్వరరావు నవ్వలేకపోయాడంటే దానికి కారణముంది. టొరంటోలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఆయన హైదరాబాదులో నాగోలు దగ్గర ఒక ప్లాటు కొన్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కొబ్బరికాయ, గడ్డపార, పంతులుగారితో భూమిపూజకి వెళితే, అక్కడ రెండంతస్తుల మేడకి మామిడాకులు కట్టి ఉన్నాయి. ఆరోజే గృహప్రవేశం. ఆ ఇంటాయన దగ్గరా రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి, అవి ఈయన కాగితాల కంటే రెండేళ్ళు పాతవి. మర్యాదస్తుడు, "వేళకి వచ్చారు, భోంచేసి వెళ్ళండి" అన్నాడు. పంతులుగారు ముందే విస్తరి ముందు కూర్చున్నారు. పదకొండేళ్ళు కోర్టుకి తిరిగి అమరేశ్వరరావు ఓడిపోయాడు. ఇక లోకంలో తనదని చెప్పుకోవడానికి మిగిలింది మిల్టన్‌లో ఈ టౌన్‌హౌస్ ఒక్కటే. ఇదీ పోతే అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు.

"విశాలా, ఇల్లు పోయేట్టుంది" అన్నాడు లోపలికొచ్చి.

"టైర్లకి వెళ్ళలేదా?" అంది విశాలాక్షి స్టవ్ దగ్గర్నించే.

"టైర్లు కాదే, ఇల్లు."

ఆవిడ చేయి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం మొత్తం చదివింది. "ఎవరో పనిలేక రాశారండీ. ఇక్కడ ఇలాంటివి జరగవు. కొనేటప్పుడు లాయరు అన్నీ చూశాడుగా."

"నాగోల్లోనూ లాయరు అన్నీ చూశాడు."

ఆవిడ ఉత్తరం మడిచి కవర్లో పెట్టింది. "పోనీ, సుధామయి రానివ్వండి. ఆ పిల్ల కాలేజీలో చదువుతోంది, దీని సంగతేంటో చెప్తుంది" అంది. సుధామయి బేస్‌మెంట్‌లో అద్దెకుండే గుంటూరు అమ్మాయి. పొద్దున అయిదింటికే కాఫీ షాపులో షిఫ్టుకి వెళ్ళింది.

"ఆ పిల్లకి తెలిస్తే ఫ్రెండ్స్‌కి చెబుతుంది. సాయంత్రానికి అందరూ మన ఇల్లు కబ్జా అయిందంటారు. పరువు దక్కుతుందా?" అన్నాడు అమరేశ్వరరావు. ఆ ఒక్క సలహా వినుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆయన విన్నది వీరరాఘవులు సలహా. వీరరాఘవులు చిన్ననాటి స్నేహితుడు, తాలూకాఫీసులో సర్వే సెక్షన్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు వాంకూవర్‌లో కూతురింట్లో ఉంటున్నాడు. అక్కడింకా ఆరు కాలేదు. అయినా మొదటి రింగుకే ఎత్తాడు. కెనడా వచ్చి ఆరేళ్ళయింది, ఒక్కడంటే ఒక్కడు తనని భూమి గురించి ఏదీ అడగలేదు. ఉత్తరం వినిపించేసరికి ఆయన గొంతుకి పదేళ్ళ వయసు తగ్గింది.

"డబుల్ రిజిస్ట్రేషన్. క్లియర్ కేసు" అన్నాడు. "కాగితాలు తర్వాత చూద్దాం. ముందు పొజిషన్ చూపించు, స్థలం నీ స్వాధీనంలోనే ఉన్నట్టు. నాగోల్లో ఏం చేశావు? ఎనిమిదేళ్ళు ప్లాటు ఖాళీగా వదిలేశావు. ఇప్పుడలా కాదు. నాలుగు మూలలా హద్దురాళ్ళు పాతు, సున్నం కొట్టు. బోర్డు పెట్టు. బోర్డు పక్కన నిలబడి ఇవాళ్టి పేపరు పట్టుకుని ఫోటో దిగు, తేదీ కనపడాలి."

"మేం ఇంట్లోనే ఉన్నాం కదయ్యా, ఇంకా పొజిషన్ ఏంటి?"

"ఇద్దరు ముసలాళ్ళు ఉంటే ఉన్నట్టా? రేపు పదిమంది వచ్చి నిలబడితే ఏం చేస్తావు? మన దగ్గరైతే ఒక గది వేసి వాచ్‌మన్ కుటుంబాన్ని పెట్టేవాళ్ళం. ఎవర్నన్నా పెట్టు. మనుషులు కనపడాలి."

టైర్ల కోసం బయల్దేరిన కారు హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళింది. హద్దురాళ్ళు ఉన్నాయా అంటే అక్కడి కుర్రాడు తోటలో పెట్టుకునే సిమెంటు కుందేళ్ళు చూపించాడు. చివరికి నాలుగు చెక్క గుంజలు, ఒక ప్లైవుడ్ ముక్క, తెల్లరంగు డబ్బా, తాడు తెచ్చాడు. ఇంటి ముందు లాన్ మహా అయితే రెండు దుప్పట్లంత ఉంటుంది. దానికి నాలుగు మూలలా గుంజలు పాతి, తాడు చుట్టి, మధ్యలో బోర్డు నిలబెట్టాడు. "ఈ స్థలం కె. అమరేశ్వరరావు గారిది. అతిక్రమించినవారు శిక్షార్హులు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాడు. ఇంట్లో పేపరు లేకపోతే కిరాణా కొట్టు వారం ధరల కాగితం పట్టుకుని నిలబడ్డాడు. విశాలాక్షి ఫోటో తీసింది. తేదీ కనపడింది, పక్కన ఉల్లిపాయల బస్తా బొమ్మ కూడా పడింది.

ఇక మిగిలింది మనుషులు. ఫోన్ తీసి ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి బాగా ఆలోచించి రాశాడు. "మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండడానికి నమ్మకమైన తెలుగు విద్యార్థులు కావాలి. అద్దె లేదు. భోజనం మేమే పెడతాం. వెంటనే రావాలి." కారణం మాత్రం రాయలేదు. ఇద్దరో ముగ్గురో వస్తారని లెక్క వేసుకున్నాడు.

పక్కింటి హేమచంద్ర ఆ గ్రూపుకి అడ్మిన్. న్యూజెర్సీ మీదుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. మెసేజ్ చూసి ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఆ ఏడాది సీటు దొరికిన పిల్లలకి గది దొరకడం లేదు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎనిమిదిమంది, వంటింటికి వంతులు, పరుపుకి వంతులు. ఇలాంటి కాలంలో ఇంత పెద్దమనసా అనుకుని, చుట్టుపక్కల ఊళ్ళైన బ్రాంప్టన్, మిసిసాగా, కిచెనర్ స్టూడెంట్ గ్రూపులన్నిటికీ అడ్రసుతో సహా ఫార్వర్డ్ చేశాడు.

పదకొండున్నరకి మొదటి ట్యాక్సీ ఆగింది. పన్నెండుకి వీధి మలుపు దాకా సూట్‌కేసులున్నాయి. ఒకడు రైస్ కుక్కర్ చంకలో పెట్టుకొచ్చాడు. ఒకమ్మాయి పరుపు చుట్టి తాడుతో కట్టుకొచ్చింది. ముందున్న అబ్బాయి పేరు అనంత్, కరీంనగర్. గుంజల దగ్గరే చెప్పులిప్పి నమస్కారం పెట్టాడు.

"అంకుల్, అసలు ఇసొంటి ఇల్లు ఉంటదని ఎవ్వరు నమ్మలె. మేం నమ్మినం, వచ్చినం" అన్నాడు.

"ఎంతమంది నాయనా?" అన్నాడు అమరేశ్వరరావు.

"ఇప్పటికి నలభై ఒక్కరం. బస్సుల ఇంకొందరు వస్తున్నరు."

ఆయన ఒకసారి ఇంటి వైపు, ఒకసారి సూట్‌కేసుల వరస వైపు చూశాడు. అయినా వీరరాఘవులు మాట గుర్తొచ్చింది, మనుషులు కనపడాలని. కనపడుతున్నారు. "రండి, రండి, లోపలికి రండి" అన్నాడు. విశాలాక్షి పెద్ద గిన్నె దించి ఉప్మా రవ్వ కోసం సరుగులు వెతకడం మొదలుపెట్టింది. భర్త మీద కోపమొస్తే ఆవిడ మాట్లాడదు, వండుతుంది.

అసలు గొడవ ఒంటిగంటకి వచ్చింది. అక్కడ శనివారాలు అమ్మకానికున్న ఇళ్ళు తలుపులు తెరిచి పెడతారు, ఎవరైనా లోపలికెళ్ళి చూసుకోవచ్చు. అటుగా వెళుతున్న ఒక తెల్లవాళ్ళ జంట గుంజలు, తాడు, బోర్డు, తెరిచిన తలుపు, లోపలికీ బయటికీ తిరుగుతున్న జనాన్ని చూసి, బోర్డు చదవకుండానే ఇల్లు అమ్మకానికి పెట్టారనుకున్నారు. నవ్వుతూ లోపలికొచ్చి, బూట్లిప్పి, తిన్నగా పైకి వెళ్ళారు. ఆవిడ సంచిలోంచి టేపు తీసి కిటికీ కొలవడం మొదలుపెట్టింది.

"ఏమండీ" అంది విశాలాక్షి మెట్ల మీద నుంచి మెల్లగా. "వాళ్ళొచ్చారు. కొలుస్తున్నారు."

ఉత్తరం రాసినవాళ్ళే అనుకున్నాడు అమరేశ్వరరావు. ముప్ఫై రోజులన్నారు, ఒక్క పూట కూడా ఆగలేదు. పైకి పరుగెత్తి పడకగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"హార్‌గ్రీవ్?" అన్నాడు.

"కాదు, మేం పీటర్సన్లం" అన్నాడాయన ఇంగ్లీషులో. "ఇల్లు బాగుంది. ఎప్పటికి ఖాళీ చేస్తారు?"

"చచ్చినా చెయ్యం" అన్నాడు అమరేశ్వరరావు, అదీ తెలుగులో. కింద నుంచి అనంత్, మరో పదిమంది మెట్లెక్కి వచ్చి అంకుల్ వెనక వరసగా నిలబడ్డారు. సంగతేంటో వాళ్ళకి తెలీదు గాని ఖాళీ చెయ్యడమనే మాట బాగా తెలుసు. పీటర్సన్ దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, టేపు చుట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు. ఇంట్లో అంతా చప్పట్లు కొట్టారు. అమరేశ్వరరావు మనసు నాగోలు తర్వాత మొదటిసారి గర్వంతో నిండింది.

సరిగ్గా అప్పుడు సుధామయి షిఫ్టు ముగించుకుని వచ్చింది. బేస్‌మెంట్‌లో తన మంచం మీద ఎవరిదో సూట్‌కేసు, తన బల్ల మీద రైస్ కుక్కర్. ఏడుపు మొహంతో పైకొచ్చింది.

"నన్ను ఖాళీ చేయిస్తున్నారా అంకుల్? ముందే ఒక్క మాట చెప్పుంటే ఎక్కడైనా చూసుకునేదాన్ని కదా. ఇప్పుడెక్కడికి పోను?"

"నిన్నెవరమ్మా పొమ్మంది? మనందర్నీ పొమ్మంటున్నారు" అని అమరేశ్వరరావు ఇక దాచలేక ఉత్తరం చేతిలో పెట్టాడు.

సుధామయి లక్కముద్ర చూసింది. కన్నీళ్ళు తుడుచుకుంది. "ఇది మీకెలా వచ్చింది? ఇది నాది."

"నీదా?"

"నా హోంవర్క్ అంకుల్. బిజినెస్ డిప్లొమాలో ఒక ఆర్ట్స్ సబ్జెక్టు తీసుకోవాలి, ఎగ్జామ్ లేదని హిస్టరీ తీసుకున్నా. పాత రోజుల్లో ఏజెంట్లు ఒకే భూమి ఇద్దరికి ఎలా అమ్మేవారో అనే టాపిక్. మా ప్రొఫెసర్ క్లాసులో ఇద్దరిద్దర్ని జత చేసింది. ఒకరు ముందు కొన్నవాళ్ళు, ఒకరు తర్వాత కొన్నవాళ్ళు. పోస్టులోనే కొట్లాడాలి, పేర్లు రాయకూడదు. హార్‌గ్రీవ్ అంటే నా క్లాస్‌మేట్ అనన్య. వైజాగ్ పిల్ల. సోమవారంలోగా నేను జవాబు రాయాలి."

అమరేశ్వరరావు మెట్టు మీద కూలబడ్డాడు. ఇల్లు పోలేదు. ఎవడూ రాడు, ఎవడూ కొలవడు. తల చేతుల్లో పెట్టుకుని కాసేపు నవ్వాడు, తర్వాత ఆ నవ్వులోనే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. విశాలాక్షి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. పొద్దుట్నించీ ఆవిడ ఆయనతో మంచిగా ప్రవర్తించడం అదే మొదలు.

లేచి, కళ్ళు తుడుచుకుని, హాల్లో అందరి ముందూ నిజం చెప్పేశాడు. ఉత్తరం, నాగోలు, వీరరాఘవులు, అంతా. "పొరపాటైంది నాయనా. మీ అందరికీ శ్రమ ఇచ్చాను. భోంచేసి బయల్దేరండి" అన్నాడు.

భోంచేశారు. చాలామంది అంకుల్ చేతులు పట్టుకుని ఓదార్చి, డబ్బాల్లో ఉప్మా కట్టించుకుని వెళ్ళారు. నాలుగింటికి ఇంకా తొమ్మిదిమంది మిగిలారు. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"మీరు..." అన్నాడు అమరేశ్వరరావు.

అనంత్ లేచి నిలబడ్డాడు. గొడవకి కాదు, సిగ్గుతో. "అంకుల్, మీ మెసేజ్ చూసి ఉన్న రూము వదిలేసి వచ్చినం. మేం బయటికొచ్చేసరికే ఆ జాగల వేరేటోళ్ళు చేరిన్రు. మెసేజ్‌ల కొన్నాళ్ళు అని రాసిన్రు గదా. మళ్ళ దొరికేదాంక..." అన్నాడు.

అమరేశ్వరరావు ఫోన్ తీసి తను రాసింది మళ్ళీ చదువుకున్నాడు. అద్దె లేదు, భోజనం మేమే పెడతాం, కొన్నాళ్ళు. సందేహానికి తావు లేకుండా రాశాడు. పొద్దున తనకి కలిగిన భయమే ఆ తొమ్మిది మొహాల్లోనూ కనిపించింది. వీళ్ళకి మాత్రం అది హోంవర్క్ కాదు. విశాలాక్షి వైపు చూశాడు.

"నన్ను చూస్తారేం?" అంది ఆవిడ. "ఆడపిల్లలు నలుగురున్నారు. మన పడకగది వాళ్ళకిచ్చెయ్యండి. అబ్బాయిలకి ఆ చిన్న గది. పొద్దున బియ్యం బస్తా తెండి."

సాయంత్రం వాంకూవర్ నుంచి ఫోన్ మోగింది.

"ఏమైందయ్యా కేసు?" అన్నాడు వీరరాఘవులు ఆత్రంగా.

"గెలిచాం రాఘవులూ" అన్నాడు అమరేశ్వరరావు సోఫా మీద దుప్పటి పరుచుకుంటూ. "ఇల్లు మాదేనని తేలింది. మాకు హాల్లో చోటిచ్చారు."