డెబ్బైకి పన్నెండు

నాణెం చేత్తో ముట్టుకునే వస్తువు కాదు. ఫోన్లో చూసి, ఒక లైకు కొట్టి, వేలితో పైకి తోసేసే వస్తువు! ఈ మాట ఒప్పుకోని వాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. నాకేమీ పట్టింపు లేదు.

ఒప్పుకున్న వాళ్ళకి ముందుగా మా బావగారిని పరిచయం చేస్తాను. మా అక్క భర్త. నీటి సరఫరా ఆఫీసులో సూపర్‌వైజరు. ఆఫీసులో ఆయన్ని లెక్కచేసేవాడు లేడు గానీ, ఇంటర్నెట్‌లో పాత నాణేల వాళ్ళ గ్రూపు ఒకటుంది చూశారూ, అందులో ఆయన మాటంటే మాటే! అక్కడ ఆయన పేరు 'వెండికొండ'. 'రాగిరాజు', 'టంకశాల తాతయ్య' లాంటి ఉద్దండులు కూడా ఆయన ఫోటో కింద చప్పట్లు కొట్టి పోవాల్సిందే.

మీకు తెలుసో లేదో, ఈ మధ్య నాణేలు కూడా పరీక్షలకి వెళుతున్నాయి. కొరియర్‌లో ఒక కంపెనీకి పంపిస్తే, అక్కడి నిపుణులు భూతద్దం పెట్టి గీతలెన్ని, అరుగుదల ఎంత అని తేల్చి, డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేస్తారు. నూటికి ఎందుకు వెయ్యరు? అది మనం అడగకూడదు. తరవాత నాణేన్ని ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మార్కుల లేబుల్ అంటించి, తెరవడానికి వీల్లేకుండా మూసేసి తిప్పి పంపిస్తారు. డబ్బా పగిలిందా, మార్కులు గోవిందా!

ఎంత మంచి పద్ధతండీ! ఇదివరకు ఒక్కో నాణెం ఎన్ని చేతులు మారేది! కూరలమ్మి చెయ్యి, కండక్టరు చెయ్యి, అప్పుడే ముక్కు తుడుచుకున్న పిల్లాడి చెయ్యి. ఛీ! ఇప్పుడు హాయిగా ఆసుపత్రి గదిలో పెద్దమనిషిలా పడుకుని ఉంటోంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు అద్దంలోంచి చూసి వెళ్ళిపోవాలి.

ఇక ఫోటో. అదేమన్నా మాటలా? ఆ ప్లాస్టిక్ మీద గదిలో ఉన్నదంతా అద్దంలో పడ్డట్టు పడుతుంది. అందుకని ఫోటోల రోజున బావగారు నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల టోపీ వేసుకుంటారు. ఒకసారి పక్కింటాయన దొంగనుకుని కేకలు పెట్టాడు. కిటికీలకి దుప్పట్లు. స్టాండు మీద పెద్ద దీపం. దుమ్ము రేగుతుందని ఫ్యాను బంద్. నేల అదురుతుందని నడక బంద్. కుక్కరు కూతకి కెమెరా వణుకుతుందని వంట వాయిదా! ఇంట్లో అదరని బల్ల ఒక్కటే ఉంది, అక్క గుడ్డలు కత్తిరించుకునేది. అది స్టూడియో అయిపోయింది. అక్క నేల మీద కత్తిరించుకుంటోంది. ఒళ్ళు వంగితే ఆరోగ్యం కూడాను!

స్నేహాల సంగతి చెప్పాలా? మొన్న బావగారికి జ్వరం వస్తే గ్రూపు మొత్తం కదిలిపోయింది. 'త్వరగా కోలుకోండి, కొత్త ఫోటోలు పెట్టండి' అని ఊపిరాడనివ్వలేదు. మంచం పక్కన కూర్చుని జావ తాగించింది అక్కే అనుకోండి. కానీ ఆమె ఒక్కతే కదా! అటు చూస్తే వందల మంది.

ఇంత వైభవం మధ్య ఉండి కూడా మా అక్కకి తృప్తి లేదు. ఏం చేస్తాం, కొందరి తత్వం అంతే.

అక్క బట్టలు కుడుతుంది. నాన్న దగ్గర నేర్చుకున్న పని. నాన్న దర్జీ. సుద్దతో గీత గీసేటప్పుడు గుడ్డ జారకుండా దాని మీద ఒక పాత వెండి నాణెం పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టుకునేవాడు. పోయే ముందు దాన్ని అక్క చేతిలో పెట్టి, "నీకు పనికొస్తుందే" అన్నాడు. నాకు కత్తెర ఇచ్చాడు. అలాంటిదే ఒకటి ఇప్పుడు మా ఎడిటరుగారి చేతిలో నా వ్యాసాల మీద పనిచేస్తోంది. అక్క మాత్రం నాన్న చేసినట్టే చేస్తూ వచ్చింది. గుడ్డ మీద నాణెం, నాణెం మీద బొటనవేలు.

ఒకరోజు బావగారి కన్ను దాని మీద పడింది. భూతద్దం తీసి చూస్తే ఏముంది? సంవత్సరం అంకె రెండుసార్లు అచ్చయింది! టంకశాలలో ఎవడో కునికిపాట్లు పడుతూ చేసిన పొరపాటు. మనుషుల్లో పొరపాటు చేసినవాడికి మెమో ఇస్తారు. నాణేల్లో అయితే పూలదండ వేస్తారు. "ఒక్కసారి చూసి ఇస్తానే" అని బావగారు దాన్ని తీసుకున్నారు. చూసి ఇవ్వడమంటే కొరియర్ చెయ్యడమని అక్కకి అప్పటికి తెలియదు.

కొన్నాళ్ళకి నాణెం డబ్బాలో కూర్చుని తిరిగొచ్చింది. డెబ్బైకి పన్నెండు. 'వాడకంలో బాగా అరిగినది' అని లేబుల్ మీద రాసి ఉంది.

"అరగడం ఏంటండీ? అది మా నాన్న బొటనవేలు!" అంది అక్క. "ఇటివ్వండి, నాకు పనుంది."

"ఇస్తానుగా, ఎక్కడికి పోతుంది? ఫోటో ఒకటి తీసుకోనీ. గ్రూపులో ప్రదర్శన పెడుతున్నారు. ఇలాంటి అచ్చు ఇంకెవరి దగ్గరా లేదు. మార్కులు తక్కువైనా మొదటి స్థానం మనదే!"

"అయ్యాక డబ్బా తీసేసి ఇస్తారా?"

"తీస్తే ఇంకేముంది? నీ గుడ్డ మీద డబ్బాతోనే పెట్టుకో."

అన్యాయంగా ఏమన్నా అన్నారా? మీరే చెప్పండి! గుడ్డకి కావలసింది బరువు. డబ్బా ఇంకా బరువు. అక్క అదీ చేసి చూసింది. ప్లాస్టిక్ జారి, ఎవరిదో కొత్త కోటు గుడ్డ అడ్డంగా తెగింది. ఆ గుడ్డ డబ్బులు కట్టి, కూర్చుని ఏడ్చింది. ఆ రోజు నుంచీ రోజూ చెయ్యి చాపుతూనే ఉంది. బావగారు రోజూ ఫోటో అయ్యాక అంటూనే ఉన్నారు.

ఆ ఫోటో అయితేగా! పెట్టీ పెట్టగానే రాగిరాజు అందుకున్నాడు. 'కుడివైపు మూలన తెల్లగా ఏదో మచ్చ ఉంది, చూసుకోండి.' మళ్ళీ తీశారు. మచ్చ అక్కడే ఉంది. టంకశాల తాతయ్య కూడా విచారం వెలిబుచ్చారు. బావగారు డబ్బా తుడిచారు, లెన్సు తుడిచారు, కళ్ళజోడు తుడిచారు. ఆఖరికి ఫోటోని పెద్దది చేసి చూస్తే తేలింది. అది మచ్చ కాదు, మా అక్క! హాల్లో వెలుతురు వెనకనుంచి పడుతుంటే, గుమ్మంలో చెయ్యి చాపుకుని నిలబడి ఉంది.

బావగారు పొంగిపోయారు. "నువ్వేనటే! లెన్సు పాడయిందేమోనని హడలి చచ్చాను. కాస్త పక్కకి జరుగు."

అక్క జరిగింది. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఇస్త్రీపెట్టె ఎత్తి డబ్బా మీద ఒక్కటి వేసింది. నాణేన్ని గుప్పిట్లో బిగించి, కుట్టుమిషను బండిలో వేయించుకుని, నేరుగా మా ఇంట్లోకి జరిగింది. ఎంత దూరం జరగాలో ఆయన చెప్పలేదు కదా!

నేను ఊరుకుంటానా? నాలుగు చీవాట్లు పెట్టాను. "ప్రదర్శన రేపేనటగా! ఒక్కరోజు ఆగలేకపోయావా?"

"నా వస్తువు కోసం నా ఇంట్లో నేనే అడుక్కున్నానురా," అంది అక్క. మా భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి, నాణెం పెట్టి, బొటనవేలు ఆనించింది. గీత తిన్నగా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బావగారు వచ్చారు. పెళ్ళాం కోసం పరుగెత్తుకొచ్చారని నేను మురిసిపోయి కాఫీ పెట్టబోయాను.

"గీతలేమన్నా పడ్డాయా?" అన్నారు గుమ్మంలోనే.

"ఎవరికి?" అన్నాను.

అక్క అరచెయ్యి చాపింది. మధ్యలో నాణెం. బావగారు జేబులోంచి భూతద్దం తీసి వంగారు. అంచు చూశారు, అంకె చూశారు, తిప్పి వెనకా చూశారు. "హమ్మయ్య!" అన్నారు. ఆ భూతద్దం నాణెం దాటి రవ్వంత పక్కకి వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

"ఇదేంటే, చేతిలో ఇంత మచ్చ? ఎప్పుడు కాలింది?"

"ఇదివరకు మీ రాగి నాణెం ఫోటోకి గ్రూపులో మొదటి బహుమతి వచ్చింది చూడండి, అది తీసిన రోజు. స్టాండు విరిగిందని దీపం నన్ను పట్టుకోమన్నారు. కదలొద్దన్నారు. కదల్లేదు."

బావగారు భూతద్దం దించలేదు, తలా ఎత్తలేదు. ఆయన్ని అలా చూడలేక నేను ఫోన్ తీసి ఆ ఫోటో వెతుక్కున్నాను. ఉన్నమాట చెప్పాలి కదా, అద్భుతంగా ఉంది! ఒక్క నీడ లేదు, వెలుగు ఎక్కడా చెదరలేదు. కింద అందరూ దాన్నే మెచ్చుకున్నారు. టంకశాల తాతయ్య అయితే, 'దీపం ఇంత నిలకడగా ఎలా పెట్టారండీ?' అని అడిగారు.

దాని కింద వెండికొండగారి జవాబు: 'మా ఇంట్లో మంచి స్టాండు ఉందండీ.'