జబ్బు పడితే ఆగస్టులోనే పడాలి

సంఘ జీవితానికి ప్రార్థన ఎంత అవసరమో, అంతకు పదింతలు వార్షిక ప్లాను అవసరం! నమ్మరా? అయితే మీరు మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘాల ఉమ్మడి కమిటీని ఎన్నడూ చూడలేదన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్న రోజులవి. బస్సు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. అలాంటి కాలంలో కూడా క్రైస్తవుడన్నవాడు ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు సంతోషించాలో ఏడాది ముందే తేల్చిపెట్టిన మహానుభావులు వాళ్ళు. ఇంతకన్నా అదృష్టం ఏ సంఘానికి పడుతుంది?

పశ్చాత్తాపం సంగతే చూడండి. దానికి ఈస్టరుకు ముందు శ్రమల దినాలు కేటాయించారు. కురబలకోటలో ఒకాయన పక్కింటి గొర్రెను కోసుకు తిని, సెప్టెంబరులో కుమిలిపోతూ వచ్చాడు. తొందరేముంది, మార్చిలో రమ్మన్నారు. ఈలోగా ఆయన ఇంకో గొర్రెను కూడా తిని, రెండింటికీ కలిపి ఒకేసారి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎంత ఆదా!

కోతపండుగకు అక్టోబరు పెట్టారు. ఆ ఏడు వాన ఆలస్యమై బైరెడ్డిపల్లె చేలల్లో చెనిక్కాయ చెట్లు ఇంకా పూతలో ఉన్నాయి, నేలలో ఒక్క కాయా ఊరలేదు. ఉంటే ఏం? జనం పూతతోనే పెరికి తెచ్చి గుడిలో పెట్టి, సమృద్ధిగా పండినందుకు స్తోత్రాలు పాడారు. పండుగ తేదీకి జరిగిందా లేదా? అదీ కావాల్సింది.

ఈ కమిటీకి ప్రాణం పుంగనూరు పాస్టరు రాజరత్నం అయ్యగారు. మనిషి చెడ్డవాడు కాడు, ఎదుటివాడు ఏడిస్తే తానూ ఏడ్చే రకం. కాకపోతే ప్లాను తప్పితే ఆయనకు అన్నం సహించదు.

ఆయన కిందే సదుంలో ఓ చిన్న సంఘం ఉండేది. దానికి ఉపదేశి సత్యవేదం. అయ్యగారు రాని ఆదివారాల్లో వాక్యం చెప్పడం, పిల్లలకు పాటలు నేర్పడం ఆయన పని. ఆయన తల్లి మేరమ్మ జూన్‌లో మంచం పట్టింది. ఆ తల్లికి కోరిక ఒక్కటే. కన్ను మూసేలోగా ప్రభు భోజనం, ఆ రొట్టె ముక్కా ద్రాక్షరసం చుక్కా, తీసుకోవాలి. అది పాస్టరుగారే ఇవ్వాలి, కన్నకొడుకైనా ఉపదేశికి ఆ అధికారం లేదు.

సత్యవేదం పడుతూ లేస్తూ పుంగనూరుకు నడిచాడు. అయ్యగారు కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, అయ్యో పాపమని నొచ్చుకుని ప్లాను తీసి చూశారు. సదుంలో రోగుల పరామర్శ వారం ఆగస్టులో ఉంది. జూన్ నెల ఖాళీ లేదు. అర్ధ సంవత్సర సమీక్ష కోసం కుప్పం పోవాలి. రోగుల్ని ఎలా పరామర్శించాలో అక్కడ కూర్చుని చర్చించాలి. చర్చ జరగకుండా పరామర్శిస్తే ఎలాగండీ?

"అమ్మను ధైర్యంగా ఉండమను సత్యవేదం. ఆగస్టులో తప్పకుండా వస్తాను," అన్నారు.

మేరమ్మ ఆ మాట నమ్మింది. వీధిలో ఏ బండి చప్పుడైనా తల తిప్పి వాకిలి వైపు చూసేది. నెల తిరక్కుండానే పోయింది. తల్లిని కొడుకే పాతిపెట్టి, కొడుకే ప్రార్థన చేశాడు. అయినా కమిటీని తప్పుపట్టలేం. ఆగస్టు దాకా ఓపిక పట్టలేకపోయింది ఆ ముసలమ్మే కదా!

ఆగస్టు రానే వచ్చింది. ఇంకో చిక్కు వచ్చిపడింది. సదుంలో రోగులు లేరు! సదుంలో పరామర్శలు తక్కువని నిరుడు సమీక్షలో వేలెత్తి చూపారు మరి. సంఘ పెద్దలు హడలిపోయి, దుక్కల్లాంటి మనుషులకు కంబళ్ళు కప్పి పడుకోబెట్టారు. దాసప్ప పొద్దున్నే చేను దున్ని వచ్చి మరీ మూలిగాడు. అయ్యగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించడమే ఆలస్యం, లేచి ఎద్దులకు మేత వేయడానికి పరుగెత్తాడు. అంత స్వస్థత ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

చివరికి ఉపదేశి ఇల్లు. గోడకు నిలబెట్టిన ఖాళీ మంచాన్ని చూసి అయ్యగారు నిజంగానే ఏడ్చారు. ఏడుస్తూనే ప్రార్థన ముగించి, ప్లాను ప్రకారం పోయే వేళయిందని బయల్దేరారు.

డిసెంబరులో మదనపల్లెలో సంవత్సర సమీక్ష జరిగింది. సదుం పరామర్శకు నూటికి నూరు! అడుగుపెట్టిన ప్రతి ఇంటా రోగి లేచి తిరిగాడని చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. అయ్యగారు మాత్రం తల దించుకుని లేచారు. మేరమ్మ సంగతి తన మనసును తొలిచేస్తోందని, అలాంటిది మళ్ళీ జరక్కుండా వచ్చే ఏడు పరామర్శ వారాలు రెండు చేద్దామని, ఫిబ్రవరిలో ఒకటీ ఆగస్టులో ఒకటీ పెడదామని చెప్పారు. ఎంత పెద్ద మనసు కావాలి చెప్పండి, ఆ మాట అనడానికి!

వెనక బెంచీలో సత్యవేదం లేచాడు. అన్నాళ్ళూ ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి.

"అయ్యా, రెండు వారాలొద్దు. ఫలానా మనిషి మంచాన ఉండాడని కబురు పెడితే, ఆ దినం రాండి, సాలు. మాయమ్మ వాకిలి సూస్తానే పాయ," అన్నాడు.

స్త్రీల సమాజం విక్టోరియమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. అయ్యగారు కొత్త ప్లాను ముందుకు లాక్కుని, కలం మూత తీశారు.

"నువ్వు చెప్పింది న్యాయమే సత్యవేదం. అట్లే చేస్తాం. కబురు ఏ తేదీన పెడతారో చెప్పప్పా, రాసుకుంటాను."