ఛార్జరు బిగించకముందే కాలిన ఇల్లు

శనివారం ఉదయం ఎనిమిదింటికి సర్వేయరు వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటు లేదు. తొమ్మిదికి ఆఫీసు. పదిన్నరలోపు మూడు ఛార్జర్లలో ఏది కొనాలో తేల్చడం. పదిన్నరకు ఇంటికి ఫోను చేసి చెప్పడం. పదకొండుకు ఎలక్ట్రీషియన్ ఇంటికి వచ్చి, చెప్పినదాన్ని బిగిస్తాడు. ఒంటిగంటకు తను ఇల్లు చేరి భోజనం చేస్తాడు.

ఈ పని మూడు వారాల క్రితమే కావలసింది. భార్య ల్యాబ్ టెక్నీషియన్. నలభై కిలోమీటర్ల అవతల ఒక ఆసుపత్రిలో ల్యాబు ఇన్‌ఛార్జిగా ఉద్యోగం వచ్చింది. సోమవారం ఉదయం ఆరున్నరకు అక్కడ ఉండాలి. ఆ వేళకు బస్సు లేదు కాబట్టి కారు కొన్నారు, కరెంటుది. మూడు వారాలుగా దాన్ని బజారులోని ఛార్జింగు కేంద్రానికి తీసుకెళ్ళి, వరసలో నిలబడి నింపుకొస్తున్నారు.

"ఇవాళ తేలకపోతే నేను అక్కడి హాస్టల్లో గది తీసుకుంటానండీ," అంది భార్య, బూట్లు తొడుక్కుంటున్న అతనితో. "పన్నెండింటిదాకా నాకోసం ఉంచుతామన్నారు."

"ఇవాళ తేలుస్తాను."

"మూడు వారాల నుంచి తేలుస్తూనే ఉన్నారు. ఎలక్ట్రీషియన్ రెండోది పెట్టుకోమన్నాడు కదా."

"అతనికేం, బిగించేసి వెళ్ళిపోతాడు. దాని పక్కన పడుకోవలసింది మనం."

"పక్కన ఎవరు పడుకోమన్నారు? అది గోడకుంటుంది, మనం మంచం మీదుంటాం. గది తీసుకుంటే మీరొక్కరే ఉంటారు, ఆలోచించుకోండి."

అతను ఆలోచించుకుంటూనే వెళ్ళాడు. ఒంటరిగా ఆ ఇంట్లో ఉండడమంటే భయం. ఆ గోడకు ఛార్జరు ఉండడమన్నా భయం. రెంటిలో ఏది పెద్దదో ఆఫీసు చేరేదాకా తేలలేదు.

ఆఫీసులో అతన్ని అందరూ మసి అంటారు. ఎదురుగానే అంటారు. ఇరవై రెండేళ్ళుగా బీమా కంపెనీ తరఫున కాలిన ఇళ్ళు చూసి నష్టం రాయడం అతని పని. కాలని ఇంట్లోకి ఉద్యోగరీత్యా అతను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. అందువల్ల ఇళ్ళన్నీ చివరికి అలాగే అవుతాయని అతనికి ఒక నమ్మకం ఏర్పడింది.

ఎలక్ట్రీషియన్ చెప్పిన మూడింటిలో మొదటిది చేతిసంచీలో పట్టేది. పోర్టికోలోని పాత సాకెట్టుకు తగిలించుకోవచ్చు. రెండోది గోడకు బిగించే పెట్టె, ఏడు కిలోవాట్లది. మూడోది ఇంకా పెద్దది, దానికి మూడు ఫేజుల కనెక్షను కావాలి. ఎవరైనా అయితే ఏది తొందరగా నింపుతుందో చూసి కొంటారు. సర్వేయరు ఏది తక్కువ కాలుస్తుందో చూసి కొనదలచాడు. అది తేల్చడానికి అతనికి తెలిసిన దారి ఒకటే. సొరుగులోంచి మూడు నష్ట నివేదిక ఫారాలు తీశాడు.

ఆ ఫారంలో జరగబోయేదానికి గడి లేదు. తేదీ, వేళ, మొదట అంటుకున్న చోటు, కారణం, కాలిన వస్తువులు, గాయపడినవారు, అన్నీ జరిగిపోయినవే అడుగుతుంది. సర్వేయరు జరిగినట్టే రాశాడు. మరో రకంగా రాయడం అతనికి రాదు. తేదీ దగ్గర ఆ రోజుదే వేశాడు.

మొదటి ఫారంలో పాత సాకెట్టు వైరు కరిగింది. చెప్పుల స్టాండు, ముందుగది కిటికీ కాలాయి. గాయపడినవారి గడిలో తన పేరు రాసి 'స్వల్పం' అని చేర్చాడు. రెండో ఫారంలో గోడ మీది పెట్టె అంటుకుంది. కారణం, ఎలక్ట్రీషియన్ వైరు సరిగా బిగించకపోవుట. ఆ గోడకు అవతల వంటిల్లు, వంటింట్లో గ్యాసు సిలిండరు. కాలిన వస్తువుల్లో బీరువా రాశాడు. బీరువాలో ఏమున్నాయో కూడా రాయాలి కనుక భార్య సర్టిఫికెట్లు రాశాడు. గాయపడినవారు అన్నచోట కలం ఆగింది. ఆ వేళకు వంటింట్లో ఎవరుంటారో అతనికి తెలుసు. ఆ గడి ఖాళీగా వదిలేశాడు. మూడో ఫారంలో మీటరు బోర్డునూ మేడమెట్లనూ తగలబెట్టి, తన కాలు విరగ్గొట్టుకుని బయటపడ్డాడు.

మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదే నయమనిపించింది. కానీ చెప్పుల స్టాండు నుంచి మంట లోపలికి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో పాత ఫైళ్ళు చూస్తేగాని తెలియదు. అవి నేలమాళిగలో ఉన్నాయి. ఫోను బల్లమీద వదిలి లేచాడు. పూర్తయిన ఫారాన్ని ట్రేలో పెట్టడం ఇరవై రెండేళ్ళ అలవాటు. చెయ్యి తన పని తాను చేసింది.

పదింబావుకు టైపిస్టు ఆ ట్రే ఖాళీ చేస్తుంది. మొదటి ఫారాన్ని కంప్యూటరులో ఎక్కించింది. రెండోదాంట్లోనూ అదే చిరునామా ఉంటే, తనే తప్పు కొట్టానేమోనని వెనక్కి వెళ్ళి చూసుకుంది. మూడోదీ అదే. ఇంటి యజమాని పేరు చదివాక లేచి మేనేజరు గదికి నడిచింది.

"సార్, మసిగారి ఇల్లు కాలిపోయింది సార్."

"ఎప్పుడు?"

"ఇవాళే. మూడుసార్లు."

"ఒకిల్లు మూడుసార్లెలా కాలుతుందమ్మా?"

"మూడు చోట్ల అంటుకున్నట్టుంది సార్. పోర్టికో ఒకటి, వంటిల్లు ఒకటి, మెట్లు ఒకటి. ఆయన సీట్లో లేరు. ఫోను కూడా బల్లమీదే ఉంది."

మేనేజరు ఫారాలు తిరగేశాడు. "ఫోను వదిలేసి పరిగెత్తాడన్నమాట. చూశావా, ఇల్లు తగలబడుతున్నా రిపోర్టు రాసి ట్రేలో పెట్టి మరీ వెళ్ళాడు. ఉద్యోగమంటే అలా చెయ్యాలి."

అతను అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేశాడు. ఎన్ని చోట్ల మంటలని అటువైపు మనిషి అడిగాడు. మూడు చోట్లని ఇతను చెప్పాడు. చోటుకొకటి చొప్పున మూడు బండ్లు బయల్దేరాయి.

పదిన్నర దాటిన రెండు నిమిషాలకు బల్లమీది ఫోను మోగింది. తెరమీద 'ఇల్లు' అని పడింది.

"మీరెత్తండి సార్," అంది టైపిస్టు.

"నేనా? ఎత్తి ఏమని చెప్పను? నీకైతే మెత్తగా చెప్పడం వచ్చు."

"నా వల్ల కాదు సార్. మా కుక్క పోతేనే పిల్లలకి వారం రోజులు చెప్పలేకపోయాను."

ఫోను ఆగింది. మళ్ళీ మోగింది. ఇల్లు కాలుతుంటే ఆ ఇంట్లో మనిషి ఇంత నింపాదిగా ఫోను ఎలా చేస్తుందన్న అనుమానం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. మోగినప్పుడల్లా చెరో అడుగు వెనక్కి వేశారు. ఆరోసారికి గుమ్మం దాటారు.

సర్వేయరు పది యాభైకి ఫైళ్ళతో పైకి వచ్చాడు. ఫోను చేయవలసిన వేళ దాటిపోయిందన్న భయంతో రెండేసి మెట్లు ఎక్కాడు. హాల్లో అందరూ నిలబడి ఉన్నారు. టైపిస్టు ముక్కు తుడుచుకుంటోంది. మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా మసీ? ధైర్యం తెచ్చుకో. ఫైరింజన్లు వెళ్ళాయి."

"ఎక్కడికి?"

"మీ ఇంటికే."

ఫైళ్ళు నేలమీద పడ్డాయి. ఎందుకని అతను అడగలేదు. మూడు వారాలుగా ఎదురుచూస్తున్న కబురు వస్తే ఎందుకని ఎవరూ అడగరు. ఎలక్ట్రీషియన్ వేళకు ముందే వచ్చి ఉంటాడు. తను ఫోను చేయకపోయేసరికి భార్య విసిగి రెండోది పెట్టించి ఉంటుంది.

"ఎక్కడ మొదలైంది?"

మేనేజరు చేతిలోని కాగితాల్లో వెతికాడు. "వంటింటి గోడ దగ్గరని ఉంది. అవతల సిలిండరట."

గంట క్రితం తను ఊహించింది ఊహించినట్టే జరిగింది. అంత భయంలోనూ తన అనుభవం వమ్ము కాలేదన్న ఆలోచన ఒకటి వచ్చి, సిగ్గుపడి వెళ్ళిపోయింది.

"గాయాలు?" అన్నాడు.

"ఆ గడి ఖాళీగా ఉంది."

మేనేజరు కారులో ఇల్లు అరగంట. 'ఇంట్లో ఎవరైనా ఉన్నారా?' అని ఎంతోమందిని అడిగిన మనిషి సర్వేయరు. అడిగి, జవాబు వచ్చేలోపు కలం మూత తీసేవాడు. కొందరు జవాబు చెప్పకుండా అతని చొక్కా గుండీల వంక చూసేవాళ్ళు. ఎందుకు అలా చూసేవాళ్ళో ఆ కారులో అతనికి అర్థమైంది. ఇప్పుడు తను మేనేజరు గుండీల వంక చూస్తున్నాడు.

రెండో మలుపు దగ్గర పొగ వాసన వచ్చింది. "వస్తోంది," అన్నాడు.

"నాకేం రావడం లేదే."

"వస్తోంది సార్. పొగ విషయంలో నా ముక్కు తప్పు చెప్పదు."

మేనేజరు కంగారులో హ్యాండ్‌బ్రేకు దించకుండా నడుపుతున్నాడు. ఆ సంగతి వీధి మొదట్లో కారు ఆగిపోయాక తెలిసింది. సర్వేయరు అప్పటికే దిగి పరిగెత్తుతున్నాడు.

వీధికి అడ్డంగా మూడు ఫైరింజన్లున్నాయి. ఒక గొట్టం ముందుగది కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. గుమ్మంలోంచి నీళ్ళు బయటికి వస్తున్నాయి. మంట లేదు. మంట లేని ఇల్లంటే ఆరిపోయిన ఇల్లని అతని లెక్క. కాళ్ళు గేటు దాకా తీసుకెళ్ళి అక్కడ ఆగిపోయాయి. గేటు లోపల భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళదాకా తడిసింది.

"ఉన్నావా?" అన్నాడు.

"లేకేం? హాస్టలు వాళ్ళకి ఇంకా ఫోను చెయ్యలేదు. ఫోనెందుకెత్తరు మీరు?"

ఫైరు ఆఫీసరు వచ్చాడు. "ఇంటాయన మీరేనా? మంటెక్కడమ్మా అని అడిగితే ఈవిడ మమ్మల్నే అడుగుతోంది సార్."

"తలుపు తీసేలోపు మీవాళ్ళు కిటికీలోంచి నీళ్ళు కొట్టేశారు. మంట మీరే తెచ్చారేమో అనుకున్నాను," అంది భార్య.

మేనేజరు రొప్పుతూ వచ్చి, రుజువు కింద మూడు ఫారాలు ఆఫీసరు వైపు చాచాడు. మధ్యలో భార్య అందుకుంది. మొదటి గీత చూడగానే రాత పోల్చుకుంది. నిలబడే మూడూ చదివింది. ఆమె ఒక్కో కాగితం తిప్పుతుంటే సర్వేయరుకు ఆ ఉదయం అంతా పడిన భయం దీని ముందు చిన్నదైపోయింది.

"నా సర్టిఫికెట్లన్నీ కాల్చేశారా?"

"రెండోదాంట్లో మాత్రమే."

"మీ కాలెప్పుడు విరిగింది?"

"అది మూడోదాంట్లో. ఏది కొనాలో తేలక, లెక్క చూద్దామని రాశాను. ట్రేలో ఎలా పడ్డాయో నాకు తెలీదు."

మేనేజరు గేటు తాళం పరీక్షించడం మొదలుపెట్టాడు. భార్య రెండో కాగితాన్ని మళ్ళీ తీసింది.

"దీంట్లో గాయపడినవాళ్ళ దగ్గర ఏమీ రాయలేదే?"

"చెయ్యి రాలేదు," అన్నాడు.

ఆమె అతని వంక చూసింది. చెప్పిన వేళకే వచ్చి పక్కన నిలబడ్డ ఎలక్ట్రీషియన్ కూడా ఆమె భుజం మీదుగా ఆ కాగితాన్ని చదివాడు. చదివి, పనిముట్ల సంచీ జిప్పు లాగాడు.

"నేను వస్తానండీ."

"ఎక్కడికయ్యా?" అన్నాడు సర్వేయరు.

"నేనింకా స్క్రూడ్రైవరు కూడా బయటికి తియ్యలేదు. అప్పుడే తప్పు నాదని రాసేశారు. కింద తేదీ ఉంది, సంతకం ఉంది. ఈ ఇంట్లో నేను బల్బు కూడా మార్చను సార్. నాకూ పెళ్ళాం ఉంది."

భార్య గడియారం చూసుకుంది. "పదకొండూ నలభై. పన్నెండుకి నేను ఫోను చేస్తాను. ఇతను ఉంటే గది వద్దంటాను, వెళ్ళిపోతే వస్తున్నానంటాను. మీ ఇష్టం."

సర్వేయరు వెళ్ళి ఎలక్ట్రీషియన్ సంచీ పట్టుకున్నాడు. "ఆగవయ్యా, ఆ రాసినవన్నీ ఒట్టివి. మొదటిది వద్దు. పాత సాకెట్టు వైరు సన్నం, అది గంటలకొద్దీ వేడెక్కుతూ ఉంటుంది."

"నేనూ అదే కదా సార్ చెప్పింది."

"మూడోది?"

"మీ కారు ఏడు కిలోవాట్లకి మించి తీసుకోదు. మూడోది పెట్టినా అంతే తాగుతుంది."

మేడమెట్లు అనవసరంగా కాల్చానని సర్వేయరుకు అర్థమైంది. "అయితే రెండోదే. వంటింటి గోడకి వద్దు, ప్రహరీ వైపు గోడకి పెట్టు. మీటరు నుంచి విడిగా లావు వైరు లాగు. దానికంటూ బ్రేకరు, కొత్త ఎర్తు. ఇవన్నీ చేస్తే కాలదు."

ఆ చివరి మాట అన్నది తనేనా అని అతను పక్కకి చూశాడు. ఎలక్ట్రీషియన్ సంచీ వదల్లేదు.

"కాలదని రాసిస్తారా?"

జరగని విషయం రాయడం తన వల్ల కాదని చెప్పబోయి, భార్య చేతిలోని కాగితాలు చూసి ఊరుకున్నాడు. రెండో ఫారం తీసుకుని, ఫైరింజను బానెట్టు మీద బోర్లా పెట్టి, చెయ్యవలసిన పనులు వరసగా రాసి, కింద 'పైన చెప్పిన పని జరిగిన పక్షంలో ఈ ఛార్జరు వల్ల ఈ ఇల్లు కాలదు' అని రాశాడు. పొద్దున సిలిండరు గురించి రాయడానికి పట్టినదానికంటే ఎక్కువసేపు పట్టింది. ఫైరు ఆఫీసరు సాక్షి సంతకం పెట్టాడు. ఎలక్ట్రీషియన్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని సంచీ జిప్పు తెరిచాడు. నాలుగు నిమిషాలు తక్కువ పన్నెండుకు భార్య ఫోను తీసి, "గది అక్కర్లేదండీ," అంది.

మిగిలింది కంపెనీ పని. కంప్యూటరులో ఎక్కిన క్లెయిమును చెరపడానికి వీల్లేదు. ఇల్లు చూసి నివేదిక ఇచ్చాకే మూయాలి. ఆ పేటకు సర్వేయరు అతనొక్కడే. సోమవారం సాయంత్రం భార్య రానూపోనూ ఎనభై కిలోమీటర్లు నడిపి ఇంటికి వచ్చి, ఛార్జరు తగిలించి లోపలికి వెళ్ళింది. అతను దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఫారంతో కూర్చున్నాడు. కాసేపటికి ఆమె బయటికి వచ్చింది.

"ఎంతసేపు కూర్చుంటారలా?"

"నిండేదాకా. ఆఫీసు పని."

ఆమె లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చుకుంది. అతను రెండుసార్లు లేచి వైరు పట్టుకుని చూశాడు. మూడోసారి ఆమె అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. కారు నిండాక అతను కలం తీసి, కాలిన వస్తువుల దగ్గర 'లేవు' అనీ తడిసిన వస్తువుల దగ్గర 'సోఫా, పరుపు, టీవీ' అనీ రాశాడు. మంట లేకుండా పడిన నీళ్ళకు పాలసీ వర్తించదు కాబట్టి, ఇంటి యజమాని క్లెయిమును తిరస్కరించవలసిందిగా సిఫారసు చేసి సంతకం పెట్టాడు.