పదిహేడో నంబరు యువకుడు

సోమవారం పొద్దున హెడ్మాస్టారు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఆరింటికి పార్కులో నడక, ఏడింటికి టీ, పదింటికి యువ కేంద్రంలో కుర్రాళ్ళ చేత ఫారాలు నింపించడం, ఒంటిగంటకి ఇంటికొచ్చి భోంచేసి ఓ కునుకు తియ్యడం. ఇందులో ఆయన పరువు పోవడానికి ఎక్కడా ఖాళీ లేదు. పైగా ఆయన ప్రతి పనికీ పావుగంట ముందే బయల్దేరే మనిషి.

ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. అంతకుముందు ముప్ఫయ్యారేళ్ళు ఆయన గుమ్మంలో అడుగు పెడితే చాలు, బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమనేవి, గదికి గదంతా లేచి నిలబడేది. రిటైరైన మర్నాటి నుంచి ఆయన ఏ గదిలోకి వెళ్ళినా ఎవరూ లేవలేదు. ఇంట్లో పిల్లి కూడా లేవలేదు. ఆ బాధ ఎవరికి చెప్పుకుంటారు? అందుకే, దారి తప్పబోయే కుర్రాళ్ళు ముఠాల్లో పడకుండా చూసే యువ కేంద్రం వాళ్ళు వచ్చి తమ కమిటీకి అధ్యక్షుడిగా ఉండమంటే, రెండోసారి అడిగించుకోకుండా ఒప్పేసుకున్నారు. అధ్యక్షుడికి చేతులున్న కుర్చీ ఒకటి ఉంది. ఆయన వచ్చి అందులో కూర్చునేదాకా మిగతావాళ్ళు నిలబడే ఉండాలి. ఈ నియమం కూడా ఆయనే రాశారు.

ఆ మాటకొస్తే కేంద్రం నియమావళి ముప్ఫై రెండు పేజీలూ ఆయన రాసినవే. శనివారం పై అధికారిణి వచ్చి, ఆ కుర్చీ ఇంకో మూడేళ్ళు ఎవరిదో తేల్చి వెళ్తారు. ఎవరిదో అనుమానం ఎవరికీ లేదు.

పదింటికి పదహారుమంది కుర్రాళ్ళూ ఫారాలు నింపి ఇచ్చారు. హెడ్మాస్టారు చదివి అగ్గిమీద గుగ్గిలమయ్యారు. కోపం వస్తుందా? లేదు. ఇంట్లో అబద్ధాలు చెబుతారా? లేదు. పరాయి వస్తువు ముట్టుకున్నారా? లేదు. పదహారు ఫారాల్లోనూ పైనుంచి కిందిదాకా 'లేదు' దగ్గరే టిక్కు.

"ఏమిట్రా ఇది! ఒక్కొక్కడూ పాలుతాగే పసిపాపలా రాశాడు! ఒరే స్పీడూ, పరాయివాళ్ళ బళ్ళు నడిపి మూడుసార్లు దొరికావు గదరా, పరాయి వస్తువు ముట్టుకోలేదా నువ్వు?"

స్పీడుకి పద్ధెనిమిదేళ్ళు. కేంద్రం వాళ్ళు మెకానిక్ షెడ్డులో పని ఇప్పించాక బళ్ళు నడపడం మానేసి బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఇంకొక్కసారి పోలీసుల నోట అతని పేరు వినబడితే మాత్రం ఆ పనీ పోతుంది, కేంద్రమూ పోతుంది.

"ముట్టుకోవడం ఏముంది మాస్టారూ, ఎక్కి కూర్చున్నాను. అయినా నిజం రాస్తే మాకేంటి లాభం?"

"లాభం కోసమా నిజం? ఇలా తే ఆ కాయితం! ఎలా రాయాలో నేను చూపిస్తాను."

అందరూ చూస్తుండగా ఆయన ఖాళీ ఫారం తీసుకుని, ఒక్కో ప్రశ్నా పైకి చదువుతూ, తన సంగతే రాయడం మొదలుపెట్టారు. ఇంటికి దూరంగా ఏదైనా గుంపుతో తిరుగుతారా? తిరుగుతాను, నడక మిత్రులు ఎనిమిదిమంది. గుంపుకి గుర్తుగా ఒకేరకం దుస్తులున్నాయా? ఉన్నాయి, మెరూన్ టోపీలు. మీదని చెప్పుకునే జాగా ఉందా? ఉంది, ఫౌంటెన్ పక్క బెంచీ. అందులో వేరేవాళ్ళు కూర్చుంటే? లేపేస్తాం. మారుపేర్లున్నాయా? అందరికీ ఉన్నాయి. ఈ నెలలో ఇంట్లో అబద్ధం చెప్పారా? డాక్టరు పంచదార వద్దన్నాడు, టీకొట్లో రెండు చెంచాలు వేయించుకుంటున్నాను, లేదని చెబుతున్నాను. పరాయి వస్తువు? పక్కింటి గేట్లో పేపరు రోజూ తీసి గళ్ళ నుడికట్టు పూర్తిచేసి మళ్ళీ పెట్టేస్తున్నాను. పదిమందిలో కోపం తెచ్చుకున్నారా? ఇప్పుడే.

"చూశారా! నిజం రాయడమంటే ఇదీ!" అని సంతకం చేసినంత దర్జాగా ఇంటి చిరునామా కూడా రాసి, కాయితాన్ని దొంతర మీద పడేసి, భోజనానికి వెళ్ళిపోయారు.

ఫారంలో పేరు రాసే గడి లేదు. కుర్రాళ్ళ మీద ముద్ర పడకూడదని హెడ్మాస్టారే తీయించేశారు. వయసు గడి కూడా లేదు. వచ్చేది ఎలాగూ కుర్రాళ్ళే గదా, దండగని అదీ ఆయనే కొట్టేశారు. మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి పదిహేడు ఫారాలు లెక్కపెట్టి, పదిహేడూ ఎక్కించింది.

గురువారం ఉత్తరం వచ్చింది. హెడ్మాస్టారి భార్య విప్పి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఏవండీ, మనింట్లో యువకుడెవరండీ?"

"యువకుడేమిటి?"

"'మీ ఇంటి యువకుడు తీవ్ర ప్రమాద స్థాయిలో ఉన్నాడు. ముఠాతో తిరుగుతున్నాడు. తల్లిదండ్రులు మందలించక దగ్గరికి తీసుకోవాలి' అని రాశారు. ఇంట్లో ఉన్నది మీరూ, నేనూ, పిల్లీ."

హెడ్మాస్టారు చెయ్యి చాపారు. ఉత్తరం లాక్కునేలోపే ఆవిడ రెండో పేజీలోకి వెళ్ళిపోయింది. అక్కడ కారణాలున్నాయి.

"రెండు చెంచాలా!" అంది ఆవిడ. అంతకు మించి ఏమీ అనలేదు. ముప్ఫయ్యెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనకపోతే అసలు సంగతి ముందుందని ఆయనకి తెలుసు. చెప్పులేసుకుని కేంద్రానికి పరుగెత్తారు.

కంప్యూటరమ్మాయి లేచి నమస్కారం పెట్టి, పదిహేడో నంబరు తెర మీదకి తెచ్చింది.

"అది నేనమ్మా! నమూనాకి రాసింది!"

"అందరూ అదే అంటారు సార్. 'నేను సరదాకి రాశాను, నాకేం లేదు అనడం మొదటి లక్షణం.' పన్నెండో పేజీ."

"అది రాసింది నేనే!"

"అవును సార్, చాలా బాగా రాశారు."

"కొట్టెయ్యి ఆ నంబరు. నేను చెబుతున్నాను."

"సిఫార్సు మీద ఎవరి నంబరూ కొట్టెయ్యకూడదు సార్, పంతొమ్మిదో పేజీ. మొన్న ఒకతని మేనమామ వచ్చి బతిమాలితే నేను మెత్తబడ్డానని మీరు ఎంత చివాట్లు పెట్టారూ! రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు." అమ్మాయి ఇంకో పేజీ తిప్పి, కొంచెం జాలిగా చూసింది. "నమోదైనవాళ్ళు కమిటీలో ఉండకూడదని కూడా ఉంది సార్. శనివారానికి మీ ప్రమాద స్థాయి దిగితే పర్వాలేదు. మీకు తోడుగా వేసిన మనిషి వచ్చి చూసి, దిగిందని రాసిస్తే చాలు."

కొత్తవాళ్ళ వెంట పాతవాళ్ళని తోడుగా వేసే పద్ధతి కూడా హెడ్మాస్టారి బుర్రలో పుట్టిందే. చీటీ తీస్తే స్పీడు పేరు వచ్చింది.

స్పీడుకి జన్మలో ఎవరూ ఒక మనిషిని అప్పగించి చూసుకోమనలేదు. శుక్రవారం పొద్దున ఆరు కొట్టకముందే తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చంకలో నోటుపుస్తకంతో పార్కు గేటు దగ్గర నిలబడ్డాడు.

"మాస్టారూ, భయపడకండి. నేనున్నాను. మీ గుంపుని చూపించండి చాలు."

"గుంపు కాదురా, మిత్రులు."

"నేనూ మొదట్లో అలాగే అన్నాను," అని స్పీడు రాసుకున్నాడు.

తీరా ఫౌంటెన్ దగ్గరికి వెళ్ళేసరికి బెంచీ నిండా పచ్చ బనియన్లు. అది నవ్వుల సంఘం. పొద్దున్నే చేతులు పైకెత్తి అరగంటసేపు నవ్వితే ఆరోగ్యమని నమ్మే జనం. వాళ్ళ నాయకుడు పళ్ళ డాక్టరు. బెంచీ కోసం ఈ రెండు సంఘాలకీ రెండేళ్ళుగా ఉప్పూనిప్పూ. హెడ్మాస్టారు పళ్ళు బిగబట్టి, ఇవాళ ఏం జరిగినా శాంతంగా ఉండాలని గట్టిగా అనుకున్నారు. అనుకున్నంతసేపు ఉన్నారు కూడా.

మెరూన్ టోపీల్లో ఒకాయన, రిటైరైన బ్యాంకు మేనేజరు, స్పీడుని ఎగాదిగా చూశాడు. ఆ ముఖం పేటలో అందరికీ తెలిసిందే.

"భలేవారే మాస్టారూ! మాటమాత్రం చెప్పలేదు! మనిషిని దింపారన్నమాట!" అని సంతోషం పట్టలేక బెంచీ వైపు తిరిగాడు. "ఏమయ్యా డాక్టరూ, ఇక లేస్తారా, లేపించుకుంటారా?"

"రౌడీని తెచ్చారా? పెద్దమనుషులై ఉండీ!" డాక్టరు ఫోను తీశాడు.

"అయ్యో, వీడు మీకోసం రాలేదండీ, నాకోసం వచ్చాడు," అన్నారు హెడ్మాస్టారు.

"విన్నారా? తనకోసమే వచ్చాడట! నోటితో ఒప్పుకున్నాడు!" డాక్టరు పోలీసులకి ఫోను చేసేసి, ఆ ధైర్యంతో రెండడుగులు ముందుకొచ్చి, హెడ్మాస్టారి నెత్తిమీది టోపీ తీసి తను పెట్టుకుని, "హహ్హహ్హా" అన్నాడు. వెనక పచ్చ బనియన్లు పద్ధెనిమిదీ చేతులెత్తి అందుకున్నాయి. వాళ్ళకి అది రోజూ అలవాటైన నవ్వు, ఆపడం చేతకాదు.

ముప్ఫయ్యారేళ్ళలో హెడ్మాస్టారిని చూసి ఒక్కడు నవ్విన పాపాన పోలేదు. ఆయన రెండు చేతులూ వాటంతటవే లేచాయి. మరుక్షణం డాక్టరు టోపీతో సహా ఫౌంటెన్ తొట్లో కూర్చుని ఉన్నాడు.

కానిస్టేబులు వచ్చాడు. జనాన్ని చూశాడు, తడిసిన డాక్టరుని చూశాడు, ఎవర్నీ ఏమీ అడక్కుండా వెళ్ళి స్పీడు కాలరు పట్టుకున్నాడు.

"మళ్ళీ మొదలెట్టావురా! నడు. మాస్టారూ, మీరు ఇంటికెళ్ళండి. వీడి సంగతి నేను చూసుకుంటాను."

 స్పీడు నోటుపుస్తకం తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు. హెడ్మాస్టారు ఆ పుస్తకం కేసే చూశారు. నోరు మూసుకుంటే రేపటికి కుర్చీ దక్కుతుంది. మెకానిక్ షెడ్డులో ఒక పని పోతుంది, అంతే. ఎవరూ ఆయన్ని వేలెత్తి చూపరు. మెరూన్ టోపీలన్నీ అప్పటికే ఆకాశం కేసి చూస్తున్నాయి.

"వాణ్ణి వదులు. నెట్టింది నేను," అన్నారు హెడ్మాస్టారు.

"మీ మంచితనం కొద్దీ అలా అంటున్నారు సార్."

"మంచితనం కాదయ్యా, చేతులారా నెట్టాను!"

"మీరా? ఈయన్నా?" కానిస్టేబులు అప్పుడే తొట్లోంచి లేచి గట్టెక్కిన డాక్టరు బరువుని కళ్ళతోనే తూచాడు. "ఎలా నెడతారు సార్, ఈ వయసులో? మేము నమ్మాలా?"

జీవితమంతా పాఠం చెప్పిన మనిషి. అర్థం కాలేదంటే నల్లబల్ల మీద చేసి చూపించడం ఆయన పద్ధతి. "ఇలా," అన్నారు.

డాక్టరు రెండోసారి తొట్లో పడ్డాక కానిస్టేబులు స్పీడుని వదిలేసి, కొత్త పేజీ తీసి, హెడ్మాస్టారి పేరు అడిగి రాసుకున్నాడు.

శనివారం అధికారిణి వచ్చారు. పదిహేడో నంబరు కాయితాలన్నీ ఓపిగ్గా చదివారు. పోలీసు కాయితం రెండుసార్లు చదివారు.

"మీరు రాసిన నియమావళి చాలా పకడ్బందీగా ఉందండీ," అన్నారు ఆవిడ మర్యాదగా. "ఎక్కడా సందు దొరకలేదు. నమోదైనవాళ్ళందరిలాగే పన్నెండు వారాల శిక్షణ పూర్తిచెయ్యాలి మీరు. ఈలోగా కుర్చీ ఖాళీగా ఉంచలేం గదా. యువతలో దౌర్జన్యం పెరిగిపోతోందని ఒక పెద్దమనిషి నిన్ననే మా ఆఫీసుకొచ్చి చాలా బాధపడ్డారు. ఆయన్నే ఉండమన్నాను."

పళ్ళ డాక్టరు లోపలికొచ్చాడు. కంప్యూటరమ్మాయి లేచింది, కుర్రాళ్ళు లేచారు, నియమం ప్రకారం హెడ్మాస్టారు కూడా లేచారు. డాక్టరు చేతుల కుర్చీలో సర్దుకుని కూర్చుని, చిన్నగా నవ్వడం మొదలుపెట్టాడు.

మిగతావాళ్ళు కూర్చున్నారు. హెడ్మాస్టారికి ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఆయన నేల చూపులు చూస్తూ నిలబడితే, వెనక బెంచీ కిర్రుమంది. కుర్రాళ్ళు ఎవరూ లేవలేదు, ఒకరినొకరు తోసుకుంటూ జరిగారు. స్పీడు చేత్తో దుమ్ము దులిపాడు.

"రండి మాస్టారూ, ఇక్కడ ఇరుక్కోండి."

ఆయన ఇరుక్కున్నారు. కళ్ళు చెమర్చాయి. పక్కకి తిరిగి తుడుచుకున్నారు.

"మాస్టారూ," అన్నాడు స్పీడు ఆయన చెవిలో, "మేము అన్నిటికీ 'లేదు' అని ఎందుకు రాస్తామో తెలిసిందా?"

హెడ్మాస్టారు పన్నెండు వారాలూ ఒక్క రోజు మానకుండా వచ్చారు. చివరి రోజున ఫారం ఇచ్చారు. ఆయన స్పీడు వైపు చూశారు, స్పీడు ఆయన వైపు చూశాడు. పైనుంచి కిందిదాకా టిక్కులు పెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

'మీ ఇంటి యువకుడు పూర్తిగా మారిపోయాడు, అభినందనలు' అన్న ఉత్తరాన్ని భార్య చదువుతున్న వేళకి, హెడ్మాస్టారు రెండు చెంచాల పంచదార వేసిన టీ తాగి, పక్కింటి పేపరు జాగ్రత్తగా మడిచి గేట్లో పెడుతున్నారు.